జయరాజు చెప్పిన సాక్ష్యం

మా ఆయన జయరాజు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. అమెరికాలో, ఫీనిక్స్‌లో మా పెరటి నిమ్మచెట్టు మీద గూడు కట్టిన పిట్ట, బాపట్లలో తాను చూసిన తేనెపిట్టే అన్నాడు. మగదాని గొంతు ఊదారంగులో మెరుస్తోందట, ఇంకేం కావాలట!

లైబ్రరీ నుంచి పిట్టల పుస్తకం తెచ్చి ముందు పెట్టాను.

"ఆ ఊదారంగు రెండు పక్కలా మీసాల్లా సాగింది చూడండి. ఇది కోస్టా హమ్మింగ్‌బర్డ్, ఎడారి పిట్ట. మన తేనెపిట్టల్లో మగది కూడా పిల్లల్ని మేపుతుంది. ఈ జాతిలో మగది గూటి మొహమే చూడదు."

"నాకు పాఠాలు చెప్పకే," అన్నాడు.

1984 మార్చిలో ఒక ఆదివారం తల్లిపిట్ట కిటికీ అద్దానికి కొట్టుకుని చచ్చిపోయింది. గూట్లో రెండు పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఊరి అవతల పిట్టల్ని సాకే ఒకావిడకి ఫోన్ చేస్తే, ఆకలికి ఆగలేవు, వెంటనే తెమ్మంది. ఆ మధ్యాహ్నమే మా ఇంట్లో ప్రార్థన కూడిక. జయరాజు కారు తాళాలు జేబులో వేసుకున్నాడు.

"మగది మేపుతుంది. నువ్వు డ్రైవ్ చేసుకుంటూ పోతే వచ్చినవాళ్లకి వడ్డించేదెవరు?"

అంతలో ఎర్రపూల పొద దగ్గరికి మగపిట్ట వచ్చింది. "చూశావా, తండ్రి వచ్చాడు!" అని గంతేశాడు. ఆ తండ్రి తేనె తాగి, పైకి లేచి, సన్నగా ఈల వేస్తూ కిందికి దూకి మళ్లీ లేచాడు. పొదలో ఇంకో ఆడపిట్ట కూర్చుని ఉంది. ఆ విన్యాసమంతా దానికోసమే. గూటివైపు కన్నెత్తి చూడలేదు. పిల్లల తలలు వాలిపోతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. కాపురానికి వచ్చాక ఈయన్ని ఇంతగా అసహ్యించుకున్న రోజు లేదు.

ఆయన జేబులో చెయ్యి పెట్టి తాళాలు లాక్కున్నాను.

"సంఘం ముందు నా పరువు తీస్తావా?"

"తీస్తాను."

గూడున్న కొమ్మ కోసి తీసుకెళ్లాను. దారిలోనే ఒక పిల్ల చచ్చిపోయింది. రెండోదానికి ఆవిడ సిరంజితో మేత పెడితే మింగింది. చచ్చినదాన్ని రుమాల్లో చుట్టి వెనక్కి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చేసరికి హాలు నిండా జనం. జయరాజు నిలబడి సాక్ష్యం చెబుతున్నాడు.

"తల్లి చచ్చిపోయినా దేవుడు తండ్రి చేత మేపించాడు. రెండు పిల్లలూ ఇవాళ ఎగిరిపోయినయ్!"

అందరూ "స్తోత్రం" అన్నారు. సంఘంలో పెద్దావిడ కరుణమ్మగారు కళ్లు తుడుచుకుంది.

నేను వెళ్లి ఆయన ముందున్న బల్ల మీద రుమాలు విప్పాను.

"ఎగిరిపోయినవాటిలో ఇదొకటండీ."

ఆయన దానివైపు చూడలేదు. వచ్చినవాళ్ల మొహాలు చూశాడు.