మూడో స్టూలు

ఆ పిల్లకి పెట్టిన పేరు ఒకటుంది గానీ, అందరూ పిలిచేది ఎందుకమ్మ అనే. ఎదుటివాళ్ళకి ఊపిరి తిప్పుకోనివ్వకుండా అన్ని ఎందుకులు అడిగే ఆరేళ్ళ మనిషిని ఇంకేమని పిలుస్తారు? నీళ్ళలో మునిగితే చెవులెందుకు మూసుకుపోతాయి, ముక్కులోకి నీళ్ళు పోతే ఎందుకు మండుతుంది? వేసవి సెలవుల్లో ఈత నేర్పే మాస్టరు రెండో రోజుకే ఆమెకి దణ్ణం పెట్టేశాడు.

ఇంటికొచ్చినా ఈత తప్పేది కాదు. సాయంత్రం కాగానే అమ్మ హాల్లో రెండు స్టూళ్ళు వేసేది. ఒకదాని మీద అన్నయ్య, ఇంకోదాని మీద ఎందుకమ్మ బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ ఆడించాలి. "మోకాళ్ళు వంచకండి. తల పక్కకి తిప్పి గాలి పీల్చండి," అంటూ అమ్మ చుట్టూ తిరిగేది. పూల్ గట్టున కూర్చుని, మాస్టరు చెప్పేవన్నీ విని మూటగట్టుకొచ్చిన విద్య అది.

అమ్మ మాత్రం నీళ్ళలో దిగేది కాదు. ఆదివారాలు పిల్లలతో పాటు పెద్దవాళ్ళనీ రానిస్తారు. నాన్న దబ్బున దూకేవాడు. అమ్మ ఈత డ్రెస్సు సంచి అడుగున తెచ్చుకునేది, దాన్ని పొడిగానే వెనక్కి తీసుకెళ్ళేది.

"ఎందుకు దిగవమ్మా?"

"నాకు జలుబు చేస్తుంది."

వేసవంతా పట్టి ఉండే జలుబేమిటో ఎందుకమ్మకి అంతుపట్టలేదు.

ఒక మధ్యాహ్నం నిద్ర నటించి నటించి విసుగెత్తి, మంచినీళ్ళ కోసం లేచింది. ఓరగా వేసిన వంటింటి తలుపు వెనక ఏదో కిర్రుకిర్రుమంటోంది. పిల్లిలా వెళ్ళి తొంగి చూసింది. అమ్మ స్టూలు మీద బోర్లా పడుకుని ఈదుతోంది. కళ్ళు గట్టిగా మూసుకుని, తల పక్కకి తిప్పి గాలి పీలుస్తోంది. ఇంత బాగా వచ్చిన మనిషి నీళ్ళలోకి దిగదేం?

కాసేపటికి అమ్మ లేచి, బేసిన్ నిండా నీళ్ళు పట్టింది. మొహం వంచింది. ముక్కుకి తడి తగలబోతుండగానే చటుక్కున తల ఎత్తేసింది. మళ్ళీ వంచింది, మళ్ళీ ఎత్తేసింది. అమ్మకి భయం. అందరికీ నేర్పించే అమ్మకి భయం. ఎందుకమ్మకి నవ్వు రాలేదు, జాలేసింది. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల, ఆ సంగతి ఆదివారం దాకా కడుపులోనే దాచుకుంది.

సెలవులకి అదే ఆఖరి ఆదివారం. బడి తెరిచాక పెద్దవాళ్ళని రానివ్వరు. నాన్నా అన్నయ్యా లోతుకి వెళ్ళిపోయారు. ఎందుకమ్మ లోతు తక్కువ నీళ్ళలో గట్టు కమ్మీని రెండు చేతులా పట్టుకుని వేలాడింది.

"అమ్మా, భయమేస్తోంది. నువ్వొస్తేనే వదుల్తాను."

"అదేంటి, నిన్ననేగా..." అనబోయిన మాస్టరు, పిల్ల చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

"నాన్నని పిలవనా?" అంది అమ్మ.

"నాన్న వద్దు. నువ్వే."

అమ్మ అటూ ఇటూ చూసింది. సంచి తీసుకుని లోపలికి వెళ్ళి డ్రెస్సు మార్చుకొచ్చింది. ఒక్కో మెట్టూ దిగింది. నీళ్ళు నడుం దాకా రాగానే కమ్మీని కరుచుకుపోయింది.

"ముందు నువ్వు మొహం పెట్టు," అంది ఎందుకమ్మ. "బేసిన్లో లాగా తీసెయ్యకూడదు."

అమ్మ మొహం కందిపోయింది. "చూశావా?"

"చూశాను. కాళ్ళు బాగానే ఆడించావు. మోకాళ్ళే కొంచెం వంచుతున్నావు."

అమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే కమ్మీ పట్టుకుని మొహం నీళ్ళలో పెట్టేసింది. బుడగలు వచ్చాయి. ఇంకా వచ్చాయి. దగ్గుతూ తల ఎత్తింది.

"ఏం కనిపించింది?" ఆత్రంగా అడిగింది ఎందుకమ్మ.

"నీ కాళ్ళు. చేతులు కూడా. కమ్మీ వదిలేసి హాయిగా ఈదుతున్నావు." అమ్మ కళ్ళలోంచి నీళ్ళు తుడుచుకుంది. "మరి భయమని ఎందుకు చెప్పావే?"

జన్మలో మొదటిసారి ఎందుకమ్మకే ఒక ఎందుకు ఎదురైంది. బుడుంగున మునిగిపోయింది. అమ్మ కూడా పెద్ద ఊపిరి పీల్చి, ఆమె వెనకే మొహం ముంచింది.

ఆ సాయంత్రం హాల్లో మూడు స్టూళ్ళు పడ్డాయి.

"మూడోది ఎవరికి?" అన్నాడు నాన్న.

అమ్మ జుట్టు ముడేసుకుని దాని మీద బోర్లా పడుకుంది. ఎందుకమ్మ తన స్టూలు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని అమ్మ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"మోకాళ్ళు వంచకు," అంది.