కడవ పగిలిన సంగతి

మునివెంకటమ్మ నోరంటే కాటన్‌పేటంతా హడలు. వీధికంతా కదిరక్కనైన నేనూ తక్కువ తినలేదు. పదేళ్ళు మా వీధి కొళాయి దగ్గర ఇద్దరం రోజూ తిట్టుకున్నవాళ్ళమే. అలాంటిది ఆమె చర్చికి పోవడం మొదలుపెట్టి నోరు కట్టేసుకుంది. నేనెంత గిల్లినా పలకదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

యుద్ధం రోజులవి. రేషన్ బియ్యం చాలక గంజి కోసం కిరస్తానీ మతంలో చేరేవాళ్ళున్నారని చర్చి సంఘ పెద్దలకు అనుమానం. అందుకని బాప్తిస్మానికి ముందు, మనిషి నిజంగా మారిందా అని ఆ మనిషికి పడనివాళ్ళనే అడిగేవాళ్ళు. అలా ఒక మధ్యాహ్నం పాదిరిగారు, కళ్ళజోడు పెద్దాయన ఒకరు మా గుమ్మంలోకి వచ్చారు. వెనకాలే మునివెంకటమ్మ.

"మేమడిగినవాటికి ఈమె సరిగ్గా జవాబు చెప్పలేదమ్మా. మారినానంటాది. రుజువేమిటని అడిగితే నేల చూస్తాది. నువ్వు కూడా ఈమె మారలేదంటే ఆదివారం బాప్తిస్మం ఆపేస్తాం" అన్నారు పాదిరిగారు.

లేదనేస్తే తీరిపోతుంది. మన దేవుళ్ళను వదిలిపోయేదాని మీద నాకేం జాలి? అలాగే అనాలనుకున్నాను. మునివెంకటమ్మ నాకేసి ఒక్కసారి చూసి తల దించుకుంది. అది చూశాక ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"మారింది" అన్నాను.

"రుజువేమి?" అన్నాడు కళ్ళజోడాయన.

రుజువు నా దగ్గరుంది. చెబితే పోయేది నా పరువు. లోపల మా ఆయన, వంటింట్లో కోడలు, అరుగుల మీద వీధంతా చెవులు రిక్కించి వింటున్నారు.

"పోయిన నెల ఈయమ్మ కడవ పగిలింది కదప్పా. జారి పడింది కాదు. నేనే తన్నినా, తిడతాదేమో చూద్దామని. ఈయమ్మ కండ్లారా చూసింది."

"చూసి?"

"పెంకులు ఏరుకొని పోయింది. మర్నాడు నాకు జొరమొస్తే నా బిందె నింపి గడప కాడ పెట్టింది. ముందటి మునివెంకటమ్మ అయ్యుంటే నా జుట్టు నాకు మిగిలేది కాదు."

పాదిరిగారు ఆమె వైపు తిరిగారు. "ఇంత రుజువు పెట్టుకొని, మేము అడిగితే చెప్పలేదేమమ్మా?"

"చెప్తే కదిరక్క ఈ వీధిలో మొగమెత్తుకొని ఎట్ల తిరుగుతాదయ్యా?" అంది మునివెంకటమ్మ.

మా అత్త పోయినప్పుడు కూడా రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది.