పక్కనుంచి వెలుగు

ఏడ్చే అమ్మ మొహం మీద దీపం ఎప్పుడూ గడ్డం కిందినుంచే పడాలి. పక్కనుంచి పడకూడదు. ఇరవై రెండేళ్లుగా గైడు ఈ నియమం తప్పలేదు. కిందినుంచి వెలుగు పడితే ఆ కళ్లలో నిజంగా నీళ్లు నిలిచినట్టుంటుంది, చూసేవాళ్ల ఒళ్లు జలదరిస్తుంది. పక్కనుంచి పడితే మాత్రం మెడ చుట్టూ వెంట్రుకవాసి గీత ఒకటి బయటపడుతుంది. ఆ గీత కింద ఉన్నది తొమ్మిది వందల ఏళ్ల నాటి రాయి. పైన ఉన్నది ముప్ఫై నాలుగేళ్ల కిందటి సున్నం. ఆమె ఎరిగినంతలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె తండ్రి, ఆయన పోయి ఆరేళ్లయింది. రెండో మనిషి ఆమె.

కొండ మీద ఆ అమ్మ విగ్రహం ఉన్న మందిరం గుమ్మం పక్కన పాలరాతి పలక మీద ఆ తండ్రి పేరు చెక్కి ఉంటుంది, ఏడ్చే అమ్మను శిథిలం కాకుండా కాపాడిన మహానుభావుడని. ఆ పేరు చెప్పుకునే ఆమెకు ఈ ఉద్యోగం దొరికింది. ఆ పలక చూపించే రోజూ అన్నం తింటోంది. గీత బయటపడితే పేరూ పోతుంది, అన్నమూ పోతుంది. అందుకే టార్చి ఇంకొకరి చేతికి ఇవ్వదు, బృందంలో ఆరుగురికి మించి ఎక్కించుకోదు. ఆరుగురైతే ఎవరి చేతుల్లో ఏముందో కనిపెట్టుకోవచ్చు.

ఆ రోజు వ్యానులో ఎక్కినవాళ్లకు ఆమె అలవాటు ప్రకారం మనసులోనే పేర్లు పెట్టుకుంది. చేతికర్రతో వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు. బట్టల కొట్టు ఆయన, ఆయన భార్య. ఆవిడ స్టీలు నీళ్ల సీసాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. ఒకరి మీద ఒకరు జోకులు వేసుకునే బావా బావమరుదులు. ఆరో మనిషికి ముప్ఫై అయిదు, ముప్ఫై ఆరేళ్లుంటాయి. చివరి సీట్లో మాట్లాడకుండా కూర్చున్నాడు. అతని వేళ్ల కొసలు తెల్లగా పొరలు లేచిపోయి ఉన్నాయి. అది సున్నం తిన్న చెయ్యి. అలాంటి చేతుల మధ్యే పెరిగిన మనిషి కాబట్టి ఆమె ఇట్టే గుర్తుపట్టింది. టార్చిని దగ్గరికి లాక్కుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఆమెకు పాత జబ్బే కాబట్టి, సరేలే అనుకుని తలుపు వేయమని డ్రైవరు బాబాయికి చెప్పింది.

మొదటి చోటు గుహ. గోడ నిండా నరకం. రంపాలతో నిలువునా కోయబడుతున్నవాళ్లు, నూనెలో వేగుతున్నవాళ్లు, నాలుకలు పీకించుకుంటున్నవాళ్లు. గీసినవాడికి మనుషుల మీద ఎంత కక్షో, ఒక్కొక్క పేగూ విడివిడిగా గీశాడు.

"బావా, ఆ రంపం పట్టుకున్నవాడు అచ్చం మీలాగే లేడూ?" అన్నాడు బావమరిది.

"కింద ఉన్నవాణ్ణి చూడరా ముందు. మీ అక్క చూస్తే నువ్వే అనుకుని ఏడుస్తుంది."

అందరూ నవ్వారు. బట్టల కొట్టావిడ మాత్రం "తప్పు చేసినవాళ్లను ఇలాగే కొయ్యాలండీ, ఏమనుకున్నారు!" అంది. ఆవిడ గొంతులో భక్తికంటే ఆకలే ఎక్కువ వినిపించింది. హెడ్మాస్టరు కర్రతో నేలను తట్టి మెచ్చుకున్నాడు. సున్నం చేతులాయన నవ్వలేదు. గోడకు మొహం ఆనించి రంగు కింది పూతను చూస్తున్నాడు.

రెండో చోట రాతి గోడ మీద తలలు తెగిన పుణ్యాత్ములు వరసగా ఉన్నారు. చంపించిన రాజు పేరు పైన అరచేయంత అక్షరాలతో ఉందని గైడు చూపించింది.

"మరి చెక్కినవాడి పేరు?" అన్నాడు సున్నం చేతులాయన. పొద్దుటినుంచి అదే అతని మొదటి మాట.

"అప్పట్లో రాసుకునేవాళ్లు కాదండీ."

"పేరు రాయకపోయినా గుర్తు పెట్టేవాళ్లండీ. మా సున్నం పనిలో అయితే, పచ్చిగా ఉండగానే ఎడమ చెవి వెనక బొటనవేలు నొక్కేవాళ్లు. మా ఇంట్లో అందరిదీ అదే అలవాటు. మా తాత, మా నాన్న, నేను."

"మీ నాన్నగారు కూడా ఇదే పనా?" అడగకూడదని తెలిసే అడిగింది.

"నాకు రెండేళ్లప్పుడే పోయారు. ఇక్కడే, ఆ కొండ మందిరంలో. పరంజా మీంచి జారిపడ్డారట." అతను ఆమె కళ్లలోకి చూశాడు. "మా అమ్మ పోయిన నెల పోతూ పోతూ చెప్పింది. మీ నాన్న నా మొహం చేశాడురా, వెళ్లి చూడు, అని."

ఆ పరంజా కిందే పదేళ్ల పిల్లగా తండ్రికి క్యారియరు పట్టుకుని నిలబడింది తను. అసలు రాతి మొహం ముక్కలైంది మరమ్మతు పనికి పెద్దగా ఉన్న తండ్రి చేతుల్లోనే, తలను నిలబెట్టడానికి ఆయన కట్టిన గొలుసు జారి. ఎవరికీ తెలియకుండా నలభై రోజుల్లో కొత్త మొహం చేసి పెట్టింది సున్నం పనివాడు, ఇతని నాన్న. ఆ రోజు పైన ఆ పనివాడు అంటున్నాడు: "అయ్యా, ఇది నా చేతి పని. నేను అధికార్లకు చెబుతాను. చెప్పకపోతే నేనెందుకు చేసినట్టు?" తన తండ్రి సుత్తి ఎత్తడం ఆమె చూసింది. కణతకు ఒక దెబ్బ. అతను పడలేదు, వెదురును పట్టుకుని వేలాడాడు. తండ్రి వేళ్ల మీద కొట్టాడు. ఒక చేతి మీద, తర్వాత రెండో చేతి మీద. మనిషి ఆమె కాళ్ల దగ్గర పడ్డాడు. క్యారియరు మీద నెత్తురు చిందింది. పోలీసు వచ్చి "ఏం చూశావమ్మా?" అని అడిగినప్పుడు తండ్రి చెయ్యి ఆమె భుజం మీద ఉంది, వేళ్లు ఎముక దాకా దిగుతున్నాయి. "జారిపడ్డాడు" అంది. ఆ మాట అన్నందుకు తండ్రి ఆ సాయంత్రం ఆమెకు కొత్త గౌను కొన్నాడు. అది తొడుక్కుంది కూడా. అదే ఆమెకు ఈనాటికీ మింగుడుపడని ముద్ద.

మూడో చోటికి వెళ్లకుండా వెనక్కి తిప్పేయాలనుకుంది. తలనొప్పి అంది, దారి బాగోలేదంది. "ఏడ్చే అమ్మను చూడకుండా పోతామా!" అని బట్టల కొట్టాయన కస్సుమన్నాడు. ఇక తప్పలేదు.

ఎత్తైన పద్దెనిమిది రాతి మెట్లు ఎక్కి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి, చీకట్లో పన్నెండు అడుగులు నడవాలి. అదీ ఆమె పద్ధతే. అడుగులు లెక్కపెట్టించి, టార్చి కిందినుంచి వెలిగించింది. అమ్మ మొహం చీకట్లోంచి పైకి వచ్చింది. బట్టల కొట్టావిడ మోకాళ్ల మీద పడి భోరుమంది. హెడ్మాస్టరు కర్ర చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. శిల్పికి కలలో అమ్మ కనబడిన కథను గైడు అప్పజెప్పినట్టు చెప్పసాగింది.

"అమ్మా" అన్నాడు సున్నం చేతులాయన. అందరూ భక్తి అనుకున్నారు. "ఎడమ కనుబొమ్మ తెగి ఉంది చూశారా? చిన్నప్పుడు బావి గిలక తగిలింది మా అమ్మకు."

అంటూనే ఒక్క అంగలో అరుగెక్కాడు. జేబులోంచి వేలెడు తాపీ తీసి, అమ్మ చెవి వెనక గీకడం మొదలుపెట్టాడు. అక్కడ తన తండ్రి పైపూత పూశాడని గైడుకు తెలుసు. అతను గీకుతున్నది ఆ ఒక్క పూతనే అనీ తెలుసు. నిద్రపోతున్న బిడ్డ చెవి తుడిచినంత మెత్తగా గీకుతున్నాడు. అన్నీ తెలిసే ఆమె కేక పెట్టింది.

"పగలగొడుతున్నాడు! పట్టుకోండి!"

అంతే. బావమరిది అతని కాలు పట్టి లాగాడు. గడ్డం అరుగు అంచుకు కొట్టుకుని పళ్లు రాలాయి. లేవబోతే బావ డొక్కలో తన్నాడు. బట్టల కొట్టావిడ ఏడుపు ఆపకుండానే స్టీలు సీసాతో నెత్తి మీద కొట్టింది. ఠంగుమని మోగింది. మళ్లీ కొట్టింది, ఈసారి మోత వేరుగా వచ్చింది. ఆవిడ మొగుడు గుండెల మీద కూర్చుని గొంతు నొక్కాడు.

"అమ్మ మీద చెయ్యేస్తావురా! అమ్మ మీద!"

"ఏ చేత్తో ముట్టుకున్నావురా?" అని హెడ్మాస్టరు అడిగాడు, బడిలో అడిగినట్టే. ఆ కుడి చేతిని నేల మీద చాపించి, బూటు మడమతో వేళ్లు ఒక్కొక్కటే నలిపాడు. బొటనవేలు దగ్గర ఆగి, కర్ర ఎత్తి పొడిచాడు. ఎముక విరిగిన చప్పుడు రాతి గదిలో పెద్దగా వినిపించింది. తిలా పాపం తలా పిడికెడు. ఎవరి పిడికెడు వాళ్లు తీసుకున్నారు. పొద్దున గుహలో రంపాలు చూసి నవ్విన మొహాలే అవి. టార్చి కిందినుంచి పడుతుంటే గోడ మీది ఆ బొమ్మల మాదిరే ఉన్నాయి.

"వద్దు" అంది గైడు. ఆ మాట ఆమెకే వినబడలేదు.

చివరికి అలిసిపోయి ఆగారు. హెడ్మాస్టరు కళ్లజోడు తుడుచుకున్నాడు, అద్దం మీద నెత్తురు ఇంకా అలుక్కుపోయింది.

"ఊపిరుందా?"

"మూలుగుతున్నాడండీ" అన్నాడు బావమరిది.

"బతికితే మన పేర్లు చెబుతాడు" అన్నాడు బట్టల కొట్టాయన. ఎంత నెమ్మదిగా అన్నాడో!

"కంగారుపడకండి. బయట పద్దెనిమిది మెట్లున్నాయి. అక్కణ్ణుంచి దొర్లిద్దాం. అరుగెక్కాడు, మనల్ని చూసి పరిగెత్తాడు, జారిపడ్డాడు. అందరం అదే మాట మీద ఉండాలి." హెడ్మాస్టరు గైడు వైపు తిరిగి, పెద్దమనిషి తీరుగా ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "మీరే ముందు చెప్పాలమ్మా. మీ నాన్నగారి పేరుంది, మీ మాటకు విలువుంటుంది. జారిపడ్డాడు. అంతే."

ఆ చెయ్యి తండ్రి చెయ్యి పడిన చోటే పడింది. బావ అప్పటికే అతని కాళ్లు పట్టుకుని గుమ్మం వైపు ఈడుస్తున్నాడు. తల రాతి నేల మీద ఎగిరెగిరి పడుతోంది.

ఆమె హెడ్మాస్టరు చేతిని పళ్లతో పట్టుకుంది. నోట్లోకి ఉప్పగా నెత్తురు వచ్చేదాకా వదల్లేదు. ఆయన కెవ్వుమంటూ కర్రతో కొట్టాడు. ఆమె ఎడమ మణికట్టు విరిగి వేలాడిపోయింది. కుడి చేతిలో టార్చి ఉంది. దాన్ని అమ్మ మొహానికి పక్కగా పెట్టింది, ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

"చూడండి! మెడ దగ్గర గీత చూడండి! ఇది రాయి కాదు, సున్నం. నా వయసుకంటే చిన్నది."

టార్చి చంకలో ఇరికించుకుని, కింద పడిన తాపీ తీసి, అతను సగం గీకిన చోట తనే గీకింది. పొర రాలింది. చెవి వెనక బొటనవేలి ముద్ర ఉంది, ఒక్కొక్క గీతా విడివిడిగా.

"ఇది చేసినవాడి వేలు. వాళ్ల నాన్న. మా నాన్న సుత్తితో కొట్టి, వేలాడుతున్నవాడి వేళ్లు చితక్కొట్టి చంపాడు. జారిపడ్డాడని నేనే చెప్పాను. ఇందాక పగలగొడుతున్నాడని అరిచిందీ నేనే. అదీ అబద్ధమే." ఆమె బట్టల కొట్టావిడ వైపు తిరిగింది. "మీరు దణ్ణం పెట్టింది ఈయన వాళ్లమ్మకు. ఆవిడ మొహం ముందే ఆవిడ కొడుకును ఇలా చేశారు. ఇప్పుడు దొర్లించండి. ఒక్కణ్ణి కాదు, ఇద్దర్ని దొర్లించాలి."

బావ కాళ్లు వదిలేశాడు. బావమరిది గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. బట్టల కొట్టావిడ చేతిలోంచి సీసా జారి, గదంతా మోగుతూ దొర్లుకుంటూ పోయింది.

గైడు అరిచిన అరుపుకు డ్రైవరు బాబాయి మెట్లెక్కి వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అతన్ని భుజం మీద వేసుకుని దిగాడు. వ్యానులో ఆ తల గైడు ఒళ్లో ఉంది. బొటనవేలు ఇక పనికిరాదని చూడగానే తెలుస్తోంది. సున్నంలో ఆ ఇంటి ముద్ర ఇక పడదు. ఆ సంగతి తలుచుకుని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ముప్ఫై నాలుగేళ్లకు గాని ఆమెకు ఏడుపు రాలేదు.

ఆసుపత్రి నడవాలో పోలీసు ఒకతను పుస్తకం తెరిచాడు. వెనక బల్ల మీద అయిదుగురూ తలలు దించుకుని కూర్చున్నారు. లోపల అతని ప్రాణానికి భయం లేదని డాక్టరుగారు అప్పుడే చెప్పి వెళ్లారు.

"ఏమైందమ్మా? జారిపడ్డాడా?" అన్నాడు పోలీసు, ఆ మాట రాసేసుకోవడానికి సిద్ధంగా.

"కాదండీ. కొట్టారు."

"ఎవరు?"

"చాలామందిమి ఉన్నాం. వరసగా చెబుతాను, రాసుకోండి. మొదటి పేరు మా నాన్నది. రెండోది నాది."