ఎవరికైనా తెరుచుకునే తలుపు

పండు ఆరడుగుల పైచిలుకు మనిషి. ఆ ముద్దుపేరు చిన్నప్పుడు అక్క పెట్టింది. ఒకసారి ఆఫీసుకు ఫోన్ చేసి "మా పండు ఉన్నాడా అండీ?" అని అడిగిన పాపానికి అక్కడ కూడా అదే ఖాయమైపోయింది. ఆ ఆఫీసులో తయారయ్యేవి ఇంటి తలుపుల తాళాలు. వాటికి తాళంచెవి ఉండదు, ఫోన్ దగ్గరికి తెస్తే తెరుచుకుంటాయి. తాళం లోపల నడిచే ప్రోగ్రాము రాసే కొద్దిమందిలో పండు ఒకడు.

ఆ రోజు పొద్దున అతను వచ్చేసరికే గదిలో నవ్వులు వినిపిస్తున్నాయి. ఎవరో పరిశోధకుడు ఒక సంగతి బయటపెట్టాడట. ఫోన్‌తో తెరిచే తాళాలు చేసే కంపెనీలు చాలావరకు ఒకే రెడీమేడ్ కోడ్ వాడుతున్నాయి. ఏమీ లేని ఖాళీ సందేశాలను ఊపిరి తిప్పుకోనివ్వకుండా పంపితే ఆ కోడ్ తికమకపడి, వచ్చింది ఇంటి యజమానే అనుకుని తలుపు తెరిచేస్తుందని అతను రాశాడు.

ఇలాంటి వార్తలు ఆ గదికి కొత్త కాదు. వారం తిరిగేసరికి ఒకటి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఎవరి పాత్ర వాళ్ళు పోషిస్తారు. ఒకడు సగం చదివి, ఇది ఎప్పుడో తెలిసిన విషయమే అని పెదవి విరుస్తాడు. ఒకావిడ మొత్తం చదివి, కింద జనం రాసిన వ్యాఖ్యలు కూడా వదలకుండా చదివి, ఆ పరిశోధకుడి తర్కంలో తప్పులు పడుతుంది. వాగుడుకాయ అని అందరూ పిలిచే కుర్రాడు మాత్రం నవ్విస్తాడు.

"లోకం మునిగిపోతోందని పొద్దున్నే చాటింపు వేస్తారు. మనం మాత్రం భోజనానికి టైముకే వెళ్తాం," అన్నాడు వాగుడుకాయ కాఫీ ఊదుకుంటూ.

"మనం వాడేది కూడా ఆ కోడేగా?" అన్నాడు పండు.

"మనది కొత్త వెర్షన్ రా బాబూ. ముందు కూర్చో."

గది మూలన చెక్క చట్రానికి బిగించిన తలుపొకటి ఉంటుంది. అటూ ఇటూ గోడ లేదు, ఉత్త తలుపు. తాళాలను పరీక్షించడానికి పెట్టుకున్నది. పండు సొరుగులోంచి ఒక పాత ఫోన్ తీశాడు. ఆ తాళానికి ఆ ఫోన్‌తో ఏనాడూ పరిచయం లేదు. పరిశోధకుడు రాసినట్టే, అక్షరం పొల్లుపోకుండా చేశాడు.

టక్‌మని గడియ వెనక్కి జరిగింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"మళ్ళీ చెయ్యి," అన్నాడు వాగుడుకాయ.

మళ్ళీ చేశాడు. మళ్ళీ తెరుచుకుంది. వాగుడుకాయ తాగని కాఫీని బల్ల మీద పెట్టేశాడు. తప్పులు పట్టే ఆవిడ చేతులు కట్టుకుని ఆ తలుపు వంక అలా చూస్తూ ఉండిపోయింది.

మేనేజర్ వచ్చి, అద్దాలకున్న తెరలు దించి, గొంతు తగ్గించి మాట్లాడాడు. సాయంత్రంలోగా అప్‌డేట్ తయారవ్వాలి. అప్పటిదాకా ఒక్క మాట కూడా బయటికి పొక్కకూడదు, ఇంట్లోవాళ్ళకు కూడా. "తెలిసినకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అర్థమైందిగా?" అన్నాడు. అందరూ తలలూపారు. అందులో నిజం లేకపోలేదు.

కానీ తెలియకూడనివాళ్ళకు అప్పటికే తెలిసిపోయింది. ఎవరో పుణ్యాత్ముడు ఆ కిటుకును, బొత్తం నొక్కితే చాలు పనిచేసేలా చిన్న యాప్‌గా చేసి పెట్టేశాడు. ఇంకాసేపటికి ఒక వీడియో తిరగడం మొదలైంది. పొడవాటి వరండా, వరసగా తలుపులు, ఫోన్ పట్టుకున్న ఒక చెయ్యి. టక్‌మని తలుపు తెరుచుకోవడం, లోపల ఎవరో ఆడమనిషి కెవ్వుమనడం, వీడియో తీసేవాళ్ళు పగలబడి నవ్వుతూ పరుగెత్తడం. మళ్ళీ ఇంకో తలుపు.

వరండా గోడలు లేత ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. పండు వీడియోను ఆపి చూశాడు. అక్క ఉండే అంతస్తులో గోడలు కూడా ఆ రంగే. ఆ రంగు గోడలు ఊరంతా ఉంటాయని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. వీడియోను వెనక్కి తిప్పి ఆ కేక మళ్ళీ విన్నాడు. అక్క గొంతేనా? అక్క అరవగా విన్నది ఒక్కసారే, అదీ బావ తలుపు మీద తన్నిన రోజున.

ఆ గొడవ తర్వాతే అక్క బావను వదిలేసి వేరే ఇల్లు తీసుకుంది. మందు ఎక్కువైన రోజుల్లో బావ ఆ ఇంటికి కూడా వచ్చి తలుపు బాదేవాడు. పాత తాళంచెవికి నకలు చేయించి ఒకసారి లోపలికి కూడా వచ్చాడు. అప్పుడే పండు పట్టుబట్టి తమ కంపెనీ తాళం బిగించాడు. "దీనికి నకలుండదు అక్కా. నువ్వు ఒప్పుకుంటే తప్ప చీమ కూడా దూరదు," అన్నాడు. తలుపుకు అడ్డం వస్తోందని లోపలి పాత గడియను కూడా తనే ఊడదీశాడు.

అక్కకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. అక్క నర్సు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటుంది. ఫోన్ మూగగా పెట్టుకుంటుంది. అది అతనికి తెలుసు. అయినా ఆగకుండా చేస్తూనే ఉన్నాడు. చివరికి ఎవరికీ చెప్పకుండా సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

టాక్సీ ప్రతి కూడలి దగ్గరా ఆగుతుంటే పండు ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. "ఆసుపత్రికా సార్?" అని డ్రైవర్ అడిగాడు. కాదన్నాడు. అద్దంలో తన ముఖం చూసుకుంటే ఆ ప్రశ్న ఎందుకడిగాడో తెలిసింది.

లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కాడు. వరండా ఖాళీగా ఉంది. అక్క తలుపు మూసే ఉంది. నిద్ర చెడకుండా ఆవిడ బెల్లు తీగ పీకేసింది. తట్టాడు. పలుకు లేదు. అరచేత్తో బాదాడు. లోపల ఏదో కిందపడి పగిలింది. తర్వాత చప్పుడు లేదు.

"అక్కా!" అందామనుకున్నాడు. మెట్లెక్కిన రొప్పులో మాట బయటికి రాలేదు.

జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ తాళం తెరిచే హక్కు ఆ ఫోన్‌కు లేదు, "నీకెందుకురా, తట్టు, తీస్తాను" అని అక్క అప్పట్లో నవ్వింది. ఎవరో పెట్టిన ఆ పాడు యాప్‌ను దింపుకుని బొత్తం నొక్కాడు. మనసులో ఒక మూల, తెరుచుకోకూడదనే కోరుకున్నాడు.

టక్‌మంది.

లోపల తెరలు వేసి ఉన్నాయి. వెలుతురులోంచి వచ్చాడేమో, ఏమీ కనబడలేదు. రెండడుగులు వేశాడో లేదో, బరువైనదేదో వచ్చి భుజానికి తగిలింది. పండు గోడకు జారగిలబడ్డాడు. కింద పడింది ఇస్త్రీపెట్టె.

"దగ్గరికొస్తే చంపేస్తా! పోలీసులకు ఫోన్ చేశా!" అక్క పడకగది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కూరగాయల కత్తి.

"అక్కా... నేనే. పండుని."

అక్క కత్తి కింద పెట్టలేదు. మెల్లగా నేల మీద కూలబడింది.

"మీ బావ అనుకున్నాను," అంది. "అలాగే బాదేవాడుగా. ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా. తలుపుంది, ఏం చేయలేడులే అనుకున్నా. ఇంతలో అది దానంతటదే..."

పండు భుజం నొప్పి మరిచిపోయి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. కాసేపటికి అక్క తలెత్తి అడిగింది.

"నీ దగ్గర తాళం లేదుగా. ఎలా వచ్చావురా లోపలికి?"

మేనేజర్ మాట గుర్తొచ్చింది. అయినా చెప్పాడు. మొత్తం చెప్పాడు.

"అంటే, ఎవడైనా రావచ్చా?"

"ఈ సాయంత్రం దాకా..."

"ఆయన కూడానా?"

అక్క లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, పాత గడియ ఉండిన చోట చెక్కలో మిగిలిన కన్నాలను వేళ్ళతో తడిమింది. అంతకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

పోలీసులకు ఫోన్ చేశానన్నది బెదిరింపే, ఆవిడకు ఫోన్ చేతికందనే లేదు. పండు వీధి చివరి ఇనుప సామాన్ల కొట్టుకు పరుగెత్తి, ఉన్నవాటిలోకి లావుపాటి గడియ తెచ్చాడు. అతను వెళ్ళొచ్చేదాకా అక్క తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. బిగించడం అయ్యాక లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, అప్పుడు అంది:

"ఎదురింటి మాస్టారు, పక్కింటి పిల్ల, వీళ్ళందరికీ ఇదే తాళం. మా తమ్ముడి కంపెనీదని నేనే చెప్పి పెట్టించాను. పద, చెబుదాం."

"బయటికి చెప్పొద్దన్నారక్కా. ఉద్యోగం..."

"ఆ మాట అన్నాయన ఈ తలుపు వెనక పడుకుంటాడా రా?"

రిటైరైన మాస్టారు మొదట కొట్టిపారేశారు. "ఇలాంటివి పేపర్లో రోజూ రాస్తారు బాబూ. భయపడుతూ కూర్చుంటే బతకలేం," అన్నారు. పొద్దున ఆఫీసులో నవ్వినవాళ్ళ మాటా ఇదే. పండు ఆయన్ను లోపలే ఉండమని, తలుపు మూసి, బయటినుంచి ఫోన్ నొక్కాడు. తలుపు తెరుచుకునేసరికి ఆ పెద్దాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. పండును చూసి కూడా ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ చూపుకు పండు తల దించుకున్నాడు.

పక్కింటి పిల్ల తలుపు దగ్గర ఉండగా వాగుడుకాయ ఫోన్ చేశాడు. అది రోజూ వినే గొంతు కాదు.

"ఎక్కడున్నావ్? చెప్పకుండా పోయావని మేనేజర్ మండిపడుతున్నాడు."

"అక్క దగ్గర. అందరికీ చెప్పేస్తున్నాను."

తిడతాడనుకున్నాడు పండు.

"ఒరేయ్ పండూ," అన్నాడు వాగుడుకాయ, "మా అమ్మ ఒక్కతే ఉంటుందిరా ఇంట్లో. చెవులు సరిగ్గా వినపడవు. నేనే పెట్టించాను ఆ తాళం. ఆవిడకు ఏమని చెప్పను?"

"పక్కింటివాళ్ళను పంపి తలుపుకు బీరువా అడ్డం పెట్టించు. నువ్వు బయలుదేరు."

అప్‌డేట్ సాయంత్రానికి వచ్చింది. మర్నాడు కంపెనీ నోరు విప్పి, లోపలినుంచి మామూలు గడియ వేసుకోండని అందరికీ చెప్పక తప్పలేదు. ఆ ఆకుపచ్చ వరండా ఏదో తెలియనే లేదు. పండు చేసిన పనికి మేనేజర్ గదిలోకి పిలిచి గట్టిగానే కేకలేశాడు గానీ, ఉద్యోగం జోలికి పోలేదు. అక్క ఆ తాళం పీకించి, లావుపాటి తాళంచెవి ఉన్న పాతకాలపుది పెట్టించుకుంది.

వార్తలు ఇప్పటికీ వారానికొకటి వస్తూనే ఉన్నాయి. వాగుడుకాయ ఇప్పటికీ జోకులు వేస్తాడు, కాకపోతే ముందుగా వరండాలోకి వెళ్ళి అమ్మకు ఫోన్ చేసి వచ్చి వేస్తాడు. తప్పులు పట్టే ఆవిడ వార్త చదివాక మాట్లాడకుండా మూలనున్న తలుపు దగ్గరికి నడుస్తుంది.

పండు అక్క ఇంటికి వెళ్తే తలుపు తట్టడు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో నిలబడి, "అక్కా, నేనే," అని పిలుస్తాడు. లోపల అడుగుల చప్పుడు తలుపుదాకా వచ్చి ఆగుతుంది. ఆవిడ వెంటనే తీయదు.