మద్రాసు హోటల్లో కెమిస్ట్రీ పాఠం

నైజీరియాలో ఏడేళ్లు కెమిస్ట్రీ చెప్పిన జయకుమారికి ఎనభై ఐదులో కాంట్రాక్టు పొడిగించలేదు. పర్చూరు తిరిగొచ్చిన నెలలోపే, పాపువా న్యూ గినియాకు టీచర్లు కావాలన్న ప్రకటన చూసి దరఖాస్తు పడేసింది.

"ఏమే జయా, ఆఫ్రికా అయిపోయింది, ఇప్పుడు పసిఫిక్ సముద్రమా? ఆ తర్వాత భూమి అయిపోద్ది. చంద్రుడి మీద బడి పెడతావా?" అన్నాడు చిన్నాన్న జక్రయ్య.

"పిలిస్తే అక్కడికీ వెళ్తా. నువ్వూ రా చిన్నాన్నా, కాకపోతే చుట్టలు దొరకవు."

"మన మిషన్ స్కూల్లో ఖాళీ ఉందిగా!"

"ఆరో తరగతికి తెలుగు చెప్పమంటున్నారు. నేర్చుకున్న కెమిస్ట్రీని ఏం చేసుకోను?"

మద్రాసులో ఒక హోటల్లో ఇంటర్వ్యూ. పాపువా న్యూ గినియా దీవుల నుంచి ఇద్దరు అధికార్లు వచ్చారు. వాళ్లలో పెద్దాయన ఆమె ఫైలు తెరిచి కాగితాలు తిరగేశాడో లేదో, తుమ్ములు మొదలయ్యాయి. పురుగు పట్టకుండా తల్లి పున్నమ్మ, కందిపప్పు డబ్బాలో వేసినట్టే, ఆ ఫైల్లోనూ గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి దాచింది. జయకుమారి కాయలు తీసేసింది గానీ, మడతల్లోని కారం చూసుకోలేదు. ఆ తుమ్ముల దెబ్బకు తిరిగే ఫ్యాను ఆగిపోయిందని జక్రయ్య తర్వాత ఊరంతా చాటాడు. అప్పుడే కరెంటు పోయిందన్న సంగతి మాత్రం మింగేశాడు.

"ఇక మీరు వెళ్లొచ్చు," అన్నాడు పెద్దాయన ఇంగ్లీషులో, కళ్ల నీళ్లు కారుతుండగా.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. అయినా కుర్చీ వదల్లేదు.

"నాకు పది నిమిషాలిచ్చారు సార్, ఇంకా ఆరున్నాయి. ఆ చేత్తో కళ్లు నులుముకోకండి."

హోటలు కుర్రాణ్ణి పిలిచి పెరుగు తెప్పించింది. పెద్దాయన ఎడమచేతిని నీళ్లలో, కుడిచేతిని పెరుగులో ముంచమంది.

"ఏ చెయ్యి మండుతోంది?"

"ఎడమది."

"కారం నీళ్లలో కరగదు సార్. కొవ్వులో కరుగుతుంది. ఇప్పుడు రెండూ పెరుగుతో రుద్ది, సబ్బుతో కడగండి. కళ్లకు మాత్రం చేతులు కడిగాక చల్లటి నీళ్లే."

ఇద్దరూ బుద్ధిగా చెప్పినట్టే చేశారు. రెండో ఆయన ముక్కు తుడుచుకుంటూ అడిగాడు:

"మా దీవుల్లో చాలా బళ్లకు ల్యాబుల్లేవు. ఎలా నెట్టుకొస్తారు?"

"ఇక్కడ మాత్రం ఉందా సార్?"

పెద్దాయన నవ్వబోయి మళ్లీ తుమ్మాడు. కలం తీసి, "ఫిబ్రవరిలో బళ్లు తెరుస్తాం," అన్నాడు.

"జనవరి మొదట్లోనే వస్తాను. పిల్లల పేర్లు నా నోటికి పట్టడానికి నెల కావాలి."