కంద పువ్వు దగ్గర

నాకు వాసనలు తెలియడం మానేసి నాలుగు నెలలైంది. వానల్లో పట్టుకున్న జ్వరం పోతూ పోతూ నా ముక్కును కూడా పట్టుకుపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? మాది మసాలా పొడుల కొట్టు. ఏ పొడిలో ఏది ఎంత పడాలో తేల్చేది నేను. మా అత్తగారు తన తర్వాత పొడులు కలిపే పీట నాకే అప్పగించింది. ముక్కు పోయిందని తెలిస్తే ఆ పీట మీద మా తోటికోడలు కూర్చుంటుంది. దానికోసమే కాచుక్కూర్చుందని నా అనుమానం.

ఆ ఆదివారం కొట్టు మూసి తోట చూడ్డానికి వెళ్దామన్నది మా ఆయనే. ఎవరో భార్యాభర్తలు ఇంటి వెనక స్థలంలో వేడి దేశాల మొక్కలన్నీ పెంచి, టికెట్టు పెట్టి చూపిస్తున్నారట. ఇన్నేళ్లూ జాజికాయలు అమ్మి, చెట్టుకు ఉన్న కాయను ఒక్కసారీ చూడలేదని ఆయన బాధ. తలనొప్పని తప్పించుకోబోయాను గానీ, మరిది అప్పటికే నలుగురికీ టికెట్లు కొనేశాడు.

వరండాలో తోటాయన భార్య ఒక చేత్తో టికెట్లు చింపుతూ, రెండో చేత్తో నారు కుండీలకు నీళ్లు పోస్తోంది. తోటాయన రబ్బరు బూట్లతో ముందు నడిచాడు. ఆయన పద్ధతేమిటంటే, చెట్టు పేరు చెప్పడు. ఆకు తుంచి, నలిపి, చేతికిస్తాడు.

"వాసన చూసి మీరే చెప్పాలి," అన్నాడు.

నేను మా ఆయన వెనక్కి జరిగాను.

మొదటి ఆకు నా చేతికి రాకముందే మా తోటికోడలు "దాల్చిన చెక్క!" అని అరిచింది. రెండోదానికి "లవంగం!" అంది. నేను ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఆఁ, లవంగమే," అని పెద్ద తెలిసినదానిలా తలాడించాను. గండం గడిచినందుకు సంతోషించాలా, నాకంటే ముందు ఇది నోరు విప్పినందుకు మండిపడాలా తెలియలేదు. మండిపడటమే నాకు బాగా అలవాటు. దాని నోట్లో నువ్వుగింజ నానదు, ఎక్కడికెళ్లినా ఇదే తంతు. మూడో చెట్టు దగ్గరా అదే చేసేసరికి ఒళ్లు మండి, వాళ్లను వదిలేసి ముందుకు నడిచాను.

దారి చివర ఆకుపచ్చ వల కప్పిన పందిరి ఉంది. లోపల నేల మీద ఒకే ఒక పువ్వు. వంగపండు రంగు, అంచులన్నీ కుచ్చిళ్లు, నడుమ పిడికిలంత బుడిపె. ఎంత బాగుందో అనుకుంటూ గొంతుక్కూర్చుని, దాని మీదికి వంగి తీరిగ్గా చూశాను.

వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే అందరూ పందిరి బయటే ఆగిపోయారు. మా ఆయన రుమాలు, మరిది చొక్కా కాలరు, తోటికోడలు చున్నీ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

తోటాయన నవ్వుతున్నాడు. "అమ్మా, అది కంద పువ్వు. చచ్చిన ఎలుక కంపు కొడుతుంది. అంత దగ్గర ఎలా కూర్చున్నారు?"

మా ఆయన నవ్వలేదు. "నీకు వాసన రావట్లేదా?" అన్నాడు, నెమ్మదిగా. ఆయన ఆలోచన పువ్వు దగ్గర బయల్దేరి మా పొడుల డబ్బాల దాకా నడవడం నాకు కనిపిస్తూనే ఉంది.

అప్పుడు మా తోటికోడలు చున్నీ తీసేసి, గబగబా లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇదీ ఒక కంపేనా బావగారూ? ఇంగువ డబ్బా మూత తీస్తే ఇంతకంటే ఎక్కువే. మీరు గల్లాపెట్టె దగ్గరుంటారు, మీకేం తెలుసు? మాకిది అలవాటే."

మగవాళ్లిద్దరూ నవ్వేసి తోటాయన వెంట జాజికాయ చెట్టు వైపు వెళ్లారు. దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వాళ్లు మలుపు తిరిగేదాకా బిగబట్టుకుని, గోడ దగ్గరికి పరుగెత్తి కక్కుకుంది. నేను వెళ్లి నుదురు పట్టుకున్నాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"ధనియాలు మాడి కొట్టంతా పొగైతే, మీరు అటు తిరిగి సంచులు కుట్టుకుంటున్నారక్కా. తెలీకుండా ఎలా ఉంటుంది?"

"మరి నా పొడులు?"

"మీరు వెళ్లాక నేను వాసన చూసి సరిచేస్తున్నా. ఈమధ్య యాలకులు మరీ ఎక్కువేస్తున్నారు."

నా పొడుల్లో ఇది చెయ్యి పెట్టిందా అని ముందు కోపమే వచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది.

"మీ బావగారికి చెప్పి ఉంటే పీట నీదయ్యేది కదే!"

అది మూతి తుడుచుకుంది. "పీట దక్కేది. మీరు మాత్రం జన్మలో నాతో మాట్లాడేవారు కాదు."

నిజమే. మాట్లాడేదాన్ని కాదు.

జాజికాయ చెట్టు కింద మా ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. చీల్చిన కాయ నా చేతిలో పెట్టాడు. లోపల గింజ చుట్టూ జాపత్రి ఎర్రగా మెరుస్తోంది.

"చూడు, ఎంత ఘాటుగా ఉందో!"

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. పక్కనుంచి మా తోటికోడలు అందుకోబోయింది. ఆగమని దాని చెయ్యి పట్టుకున్నాను.

"నాకు వాసన రాదండీ," అన్నాను. "జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఇంతే. ఇన్నాళ్లూ మన పొడులు దీని ముక్కు మీదే నడుస్తున్నాయి."

ఆయన ఏదో అనేలోపే కాయను దాని చేతిలో పెట్టాను.

"ఎలా ఉందో నువ్వు చెప్పు. అందరూ వింటారు."

అది కాయను ముక్కు దగ్గరికి తీసుకెళ్లింది గానీ, ఏడుపుతో ముక్కు మూసుకుపోయి, దానికీ వాసన తెలియలేదు.