తల్లి చేపల తొట్టి

తొట్టి నీళ్లలో తెల్లని పోగులు తేలుతున్నాయి. పల్చగా, పొడవుగా, ప్రతి తల్లి చేప వెనుకా ఒకటి. చేపల డాక్టరైన చెల్లెలు మోకాళ్ల మీద వంగి, గాజు గొట్టంతో ఒక పోగును పీల్చి, వెలుగుకెత్తి చూసింది.

"ఇది మలం కాదక్కా. పేగు లోపలి పొర ఊడి వస్తోంది."

అక్క తొట్టి అంచు పట్టుకుని నీళ్లలోకి వంగింది. పిల్ల చేపలు పోతే మళ్లీ పొదిగించుకోవచ్చు. ఏళ్ల తరబడి ఏరి ఏరి నిలుపుకున్న ఈ తల్లి చేపలు పోతే, ఆ జాతీ పోతుంది, అక్క కట్టుకున్న ఈ షెడ్డుకు అర్థమూ పోతుంది.

బావ మందు డబ్బాతో వచ్చాడు. "పక్కకు జరుగు డాక్టరమ్మా. ఒక్క మోతాదు పడితే గంతులేస్తాయి."

"రోజూ పడుతూనే ఉంది బావా. ఎగువన మందుల ఫ్యాక్టరీ నుంచి కాలువలోకి, కాలువ నుంచి తొట్టిలోకి."

"ఆ కాస్తకేనా? మరి ఇన్నాళ్లూ ఇంత నిగనిగలాడుతూ ఎలా ఉన్నాయి?"

"లావెక్కడం వేరు, బలం వేరు. నిన్ను చూసుకుంటే తెలియట్లేదూ?"

అక్క నవ్వు ఆపుకుంటూ పెదవులు బిగించింది. చెల్లెలు మెల్లగా విడమరిచి చెప్పింది. పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులుంటాయి. మేతను అరిగించేవి అవే, రోగం చొరబడితే ఎదిరించేలా ఒంటిని తీర్చిదిద్దేవీ అవే. కొద్దికొద్దిగా, తెరిపి లేకుండా పారిన యాంటీబయాటిక్ మందు వాటిని తుడిచిపెట్టింది. మందుకు లొంగని చెడ్డవి అక్కడ కాపురం పెట్టాయి.

"మరి దారేమిటే?" అంది అక్క.

"పెరటి గుంటలో వాననీటి చేపలున్నాయిగా, కాలువ నీళ్లు తగలనివి. వాటి పేగుల్లోవి వీటికి ఎక్కించాలి. వాటి మలం నుంచి తీసి."

కడిగిన గరిటెనే మళ్లీ కడిగే మనిషి బావ. "నోటితో అనడానికే ఎలాగో ఉంది మరదలా. తినిపిస్తావా?"

అక్క లేచి వెళ్లి కాలువ వాల్వు తిప్పి మూసింది. వాననీటి ట్యాంకు తెరిచింది. ఆమె తీర్పు అదే.

గుంట చేపల మలాన్ని తవుడు నీళ్లలో కలిపి, చెల్లెలు డ్రమ్ములో పులియబెట్టింది. మర్నాడు పొద్దున చూస్తే డ్రమ్ము తళతళలాడుతోంది, బ్లీచింగు వాసన కొడుతోంది.

"కంపు భరించలేక కడిగాను," అన్నాడు బావ. "అడుగంతా జిగురు."

"ఆ జిగురే నా వైద్యం బావా."

అదే వేళకు తొట్టిలో ఒక తల్లి చేప వెల్లకిలా తేలింది. అక్క దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని భర్త వైపు చూసింది.  

బావ నడుంలోతు గుంటలో దిగాడు. వల వేశాడు, చేపల్ని టబ్బులో వదిలాడు, సన్నని గొట్టం పట్టుకుని పక్కనే కూలబడ్డాడు.

"కానివ్వు తల్లీ. సిగ్గైతే చెప్పు, అటు తిరుగుతా."

గోడవతల అక్కాచెల్లెళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

డ్రమ్ము మళ్లీ పులిసింది. రోగి చేపలు మేత ముట్టవు కనుక అక్క ఒక్కొక్కదాన్ని తడిగుడ్డలో పొదివి పట్టుకుంటే, చెల్లెలు మెత్తని గొట్టంతో గొంతులోకి బొట్టుబొట్టుగా జార్చింది. కొన్ని దక్కలేదు. అయినా చావులు తగ్గాయి, తగ్గి తగ్గి ఆగాయి. ఒక పొద్దున బావ గాజు గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"డాక్టరమ్మా, గోధుమరంగు. పొట్టిగా, గట్టిగా ఉంది. ఇంత అందమైనది నేను చూడలేదు."

అక్క గుప్పెడు మేత విసిరింది. నీళ్లు ఎసరులా మరిగాయి.

వానలు ముదిరాక చుట్టుపక్కల షెడ్లలో చేపలకు పుండ్ల రోగం పాకింది. కాలువ నీటి తొట్లన్నీ ఖాళీ అవుతుంటే, ఈ తొట్టిలో రెండు మూడింటికి పొలుసులు ఎర్రబడి, వాటంతటవే మానిపోయాయి. పొరుగు షెడ్లవాళ్లు వచ్చి గట్టు మీద వరసగా నిలబడ్డారు.

"ఏ మందు వాడారమ్మా?"

"మందు మానేశాం," అంది అక్క.

వాళ్లు వాల్వు వైపు చూశారు, కాలువ వైపు చూశారు. "ఫ్యాక్టరీవాళ్ల దగ్గరికి అందరం కలిసి పోదాం," అన్నాడు అందరిలోకి పెద్దవాడు. "డాక్టరమ్మ ముందు నడవాలి."

"నడుస్తుంది," అంది అక్క, చెల్లెల్ని అడగకుండానే. "ముందు ఇది చూడండి."

పళ్లేల నిండా ఆ తల్లి చేపలు పెట్టిన గుడ్లు. పారే నీటి కింద, గాజులాంటి ఒక్కో గుడ్డులో, రెండేసి నల్లని కళ్లు కదులుతున్నాయి.